ఆదివారం పూలు కోసిన టీచరమ్మ

శనివారం ఉదయం గులాబీ కట్టలు కడుతుండగా ఫోను మోగింది. టీచరమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది. లేచి కాఫీ తాగింది, మళ్లీ మంచం మీద ఒరిగింది, అంతే" అంది. చేతిలో ఉన్న కట్టను ఎక్కడ పెట్టానో గుర్తులేదు. పొలం గట్టు దాటితే ఆమె ఇల్లు. వెళ్లి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది. కళ్లద్దాలు మడిచి దిండు పక్కన పెట్టుకుంది.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండదు. హోసూరు దగ్గరి తళి చుట్టుపక్కల తెలుగు బడుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు చెప్పింది. పెండ్లి పత్రికలో ఒత్తు తప్పితే ఎర్ర పెన్నుతో దిద్ది, పత్రిక ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇచ్చేది. అందుకు కొందరు నొచ్చుకునేవాళ్లు కూడా. మొండి మనిషి. రాగి అంబలిలో ఉప్పు ఎక్కువైతే ఒక పూటంతా మాట్లాడేది కాదు. చర్చిలో ఆడవాళ్లకు బైబిలు వాక్యం చెప్పేది కానీ, బడిలో మాకు ఏనాడూ మత బోధ చేయలేదు. మా ఇంట్లో శుక్రవారం దీపం పెడతామని ఆమెకు తెలుసు. ఆ పూట మా గడపలోకి వస్తే అడగకుండానే చెప్పులు దూరంగా విడిచి వచ్చేది.

ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా ఆరో తరగతి గుర్తొస్తుంది. నా పక్కన కూర్చునే రుక్మిణి పరీక్షలో చూసి రాసింది. నేను వెళ్లి చెప్పాను. టీచరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "నిజమే చెప్పినావు. ఎవరి మేలుకి చెప్పినావు?" అని అడిగింది. మొదటి ర్యాంకు నాకు రావాలని చెప్పానని ఇద్దరికీ తెలుసు. ఆమె రుక్మిణిని వారం రోజులు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆ పాఠమే మళ్లీ చెప్పింది.

పెద్దయ్యాక ఒకసారి ఆ సంగతి ఎత్తితే నవ్వింది. పొరుగువాళ్ల మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దనే బైబిలు ఆజ్ఞను యూదుల పెద్దలు ఎంత దూరం తీసుకుపోయారో అప్పుడు చెప్పింది. అబద్ధమే కాదు, ఒకరిని పడగొట్టడానికి వాడే నిజం కూడా తప్పేనని వాళ్లు ఎంచారట. ఆమె అలా చదివేది. తన చర్చి పుస్తకాలతో ఆగకుండా యూదులు ఏమన్నారో, ఎందుకన్నారో వెతికి తెప్పించుకునేది. "ప్రతి ఆజ్ఞ వెనకాల ఒక మనిషి నిలబడి ఉంటాడమ్మా. ముందు ఆ మనిషిని చూడాల. చూడకుండా ఆజ్ఞను పట్టుకుంటే చేతిలో కొట్టే కట్టె మిగులుతుంది" అనేది.

ఆదివారం ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. శనివారమే వండిపెట్టుకునేది. అంట్లు తోమే ఆమెకు కూడా ఆ రోజు సెలవు. "నేను కాలు చాపుకొని ఆమె చేత పని చేయిస్తే అది విశ్రాంతి కాదు, బదిలీ" అనేది. నేను విని నవ్వేదాన్ని. ఆ మాట నా దాకా వస్తుందని అప్పట్లో అనుకోలేదు.

రిటైరయ్యాక ఆమె మా పొలం పక్కనే చిన్న ఇల్లు కట్టుకుంది. మాకు అప్పటికే ప్లాస్టిక్ కప్పు వేసిన రెండు పాలీహౌసులు, గులాబీ తోట. ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు పనివాళ్లు పొలం చివర రేకుల గదిలో ఉండేవాళ్లు. వాళ్లలో సబిత అనే అమ్మాయి ఒకతె; ఎవరికీ తెలుగు రాదు. ఒక ఏడాది ముహూర్తాలు వరసగా పడ్డాయి. హోసూరు వ్యాపారి రోజూ ఫోను చేసి పూలు కావాలనేవాడు. నేను ఆదివారం సెలవు ఆపేశాను. ఎవరూ కాదనలేదు. మూడో ఆదివారం చర్చి నుంచి వస్తూ టీచరమ్మ మా గేటు దగ్గర ఆగింది.

"ఏమ్మా, ఈ పొద్దు కూడా పనేనా?"

"ముహూర్తాలు టీచరమ్మా. ఆదివారమని పూలు ఆగవు కదా."

"ఆగవు, నిజమే. ఆ సబిత కూర్చుని ఎన్నాళ్లయింది?"

"కూర్చోవద్దని నేను అనలేదు. సెలవు కావాలని ఆమే అడగలేదు."

"ఏ భాషలో అడుగుతాదమ్మా?"

నాకు కోపం వచ్చింది. ఆమె నెమ్మదిగానే మాట్లాడింది. "వారానికో దినం విశ్రాంతి తీసుకోవాలనే ఆజ్ఞ 'నువ్వు ఆగు' అనే ఒక్క మాటతో తేలిపోలేదు. నీ పిల్లలు, నీ కాడ పనిచేసే ఆడా మగా, నీ పశువు, నీ వాకిట్లో ఉండే పరదేశి అని అందరి సంగతీ చెప్పినారు. అడగలేనోళ్లను ముందే చేర్చి పెట్టినారు."

"అది మీవాళ్ల నియమం. మాకెందుకు?"

"మావాళ్లది కూడా కాదు. ఐగుప్తు దేశంలో బానిసలుగా సెలవంటే ఎరగకుండా ఇటుకలు చేసిన యూదులది. విడుదలై బయటికి వచ్చినాక, మేము పడిన పాట్లు మా కింద పనిచేసేవాళ్లు పడకూడదని పెట్టుకున్నారు."

నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ వారమంతా గట్టు వైపు చూడలేదు.

మళ్లీ ఆదివారం ఏడు గంటలకు పాలీహౌస్ తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. పాత చీర, పైన చనిపోయిన భర్త ఫుల్ చేతుల చొక్కా, చేతిలో కత్తెర.

"సబిత వరస నేను కోస్తాను. ఆ పిల్లను పడుకోమని చెప్పు."

నాకు తెలిసి ఆమె ఏ ఆదివారం చర్చి మానలేదు. "చర్చికి పోరా? మీ ఆజ్ఞను మీరే తప్పుతారా?" అన్నాను. ఎగతాళిగానే అన్నాను, దాచుకోవడం ఎందుకు.

"ప్రాణం సంగతి వస్తే విశ్రాంతి దినం పక్కకు జరగాలని యూదుల పెద్దలు ఎప్పుడో తేల్చినారు. దినం మనిషి కోసమేనని మా ప్రభువూ అన్నాడు. ఆ పిల్లకు ఐదో నెల. నీకు తెలుసునా?"

తెలియదు. రోజూ నా ఎదురుగా పనిచేసే మనిషి. ఎన్ని కట్టలు కట్టిందో చూశాను, ఆమెను చూడలేదు. సబిత నడుము పట్టుకొని నీళ్ల తొట్టి వెనక చతికిలబడటం టీచరమ్మ గట్టు అవతల నుంచి చూసిందట.

రేకుల గదికి వెళ్లాను. నన్ను చూడగానే సబిత గబుక్కున లేచింది. పనికి పిలవడానికి వచ్చాననుకొని చెప్పులు వెతుక్కుంది. చేత్తో పడుకోమని చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. భుజాలు పట్టుకొని కూర్చోబెట్టాను. అప్పుడు నా ముఖం చూసి, మెల్లగా చాప మీద ఒరిగింది.

తిరిగి వచ్చేసరికి టీచరమ్మ సగం వరస కోసింది. కాడలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వేళ్ల నిండా ముళ్లు. పక్క వరసలో నేను కత్తెర పట్టాను. ఎండ ఎక్కేటప్పటికి మిగతా ఐదుగురిని కూడా పంపించేశాను. కోయని మొగ్గలు సోమవారానికి పూర్తిగా విచ్చుకున్నాయి, అమ్మకానికి పనికిరాలేదు. వ్యాపారి ఫోనులో అరిచాడు. "సీజన్‌లో ఎవరైనా ఇట్ల చేస్తారా?" అని మా ఆయన రెండు రోజులు సణిగాడు. తర్వాత ఆయనే దారి కనిపెట్టాడు. శనివారం రెండు కోతలు కోసి చల్లగదిలో పెడితే, ఆదివారం తప్పనిసరి పూలు మేమిద్దరం కోసుకోవచ్చు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అలాగే నడుస్తోంది.

చర్చిలో ఆమె గురించి గొణుక్కున్నారట. ఎందుకు రాలేదని పాస్టరు అయ్యగారు అడిగితే "కోతకు పోయినాను" అని ఊరుకుంది. నాతో కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. "నేను చెప్పలేదా" అనని మనుషులు ఎంత తక్కువో వయసు పెరిగేకొద్దీ తెలుస్తోంది. సబిత వాళ్ల ఊరికి వెళ్లి ఆడపిల్లను కన్నది. ఫోనులో ఫోటో వస్తే టీచరమ్మ కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూసింది. "ముక్కు బాగుంది" అంది, అంతే.

మొన్న ఆదివారం ఆమెను మట్టిలో పెట్టారు. ఇప్పుడు మా దగ్గర ఉన్న పనివాళ్లలో ముగ్గురు కొత్తవాళ్లు, ఆమె కథ వాళ్లకు తెలియదు. అయినా అందరూ వచ్చారు. సెలవు కనుక నన్ను అడగాల్సిన పని లేదు. పాటలు వాళ్లకు రావు. చేతులు కట్టుకొని నిలబడి, పిడికెడు మట్టి వేశారు. అంతా అయ్యాక నేను వెనక్కి తిరిగి చూస్తే, ఉతికిన చీరలు కట్టుకున్న మా పని ఆడవాళ్లు సమాధుల తోట బయట పొట్టి గోడ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒకామె చెనిక్కాయలు ఒలిచి పక్కవాళ్లకు పంచుతోంది. చివరి అమ్మాయి పక్కామె భుజం మీద తల వాల్చి, ఎండ ముఖాన పడుతున్నా లేవకుండా నిద్రపోతోంది.