తొడ మీద తాటి నూగు

మా ఇంట్లో పసుపు డబ్బా పక్కనే ఇంకో డబ్బా ఉండేది. అందులో ఉండేది తాటి నూగు. తాటిమట్ట చెట్టును అంటుకుని ఉండే మొదలు దగ్గర గోధుమరంగులో దూదిలాంటి నూగు పుడుతుంది. కల్లు గీసే మావాళ్లు చెట్టెక్కినప్పుడల్లా దాన్ని గీరి తెచ్చేవారు. వదిన ఎండలో ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, మెత్తటి పొడి చేసి డబ్బాలోకి ఎత్తేది. మాది కత్తితో బతికే ఇల్లు. చేతికో కాలికో ఎప్పుడూ ఏదో ఒక గాటు పడుతూనే ఉండేది. గాటు మీద ఆ నూగు వేసి అదిమితే నెత్తురు కట్టేది.

అదమడానికి కూడా మావాళ్లకు ఒక పద్ధతి ఉంది. అదిమిన మనిషి తనంతట తాను చెయ్యి తీయకూడదు. పక్కనున్న పెద్దవాళ్లు వంగి చూసి "పట్టింది" అనాలి. అప్పుడే తీయాలి. ముందే తీస్తే కట్టిన గడ్డ లేచి వచ్చి మళ్లీ కారుతుంది. "పట్టింది" అన్న మాట చెవిన పడ్డాక ఇక ఆ గాయం గురించి ఎవరూ మాట్లాడరు. దెబ్బ తిన్నవాడు లేచి నడుముకు పట్టీ బిగించుకుని ఇంకో చెట్టు ఎక్కుతాడు. ఆ ఒక్క మాట మీద మావాళ్లకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇల్లు సిద్దిపేట ఊరి చివర. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన పోయాక ఇంటిని మోసింది మా అన్న. నన్ను మాత్రం చెట్టు ముట్టుకోనివ్వలేదు. తాను చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, సర్కారు కొలువు కోసం నన్ను ఉర్దూ బడికి తరిమాడు. "నాలుగు ముక్కలు వస్తె కచేరీల కుర్సీ మీద కూసుంటవు. నా లెక్క కోతివై చెట్లెక్కవు" అని నవ్వేవాడు. చదువు ముగించి, ఆ కుర్సీ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న రోజులవి. ఆ ఉర్దూ చివరికి నాకు ఎక్కడ పనికొచ్చిందో చూస్తే, అసలు నేర్చుకోకపోయినా బాగుండేది.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున అన్న చెట్టు మీంచి పడ్డాడు. మోకు అరిగిపోయింది, కొత్తది పేనుకోవాలని అంటూనే ఉన్నాడు. సగం దిగాక అది తెగింది. కింద పొలం గట్టు మీద రాయి ఉంది. ఎడమ పక్కటెముకలు దానికి తగిలాయి. నడుముకున్న గీతకత్తి తొడలో దిగింది. పక్క చెట్టు మీద ఉన్న పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, కేక వేస్తే వదినా నేనూ ఉరికాం.

వదిన చేతిలో డబ్బా ఉంది. ఆ కేక వింటే మా ఇంటి ఆడవాళ్ల చెయ్యి ముందు ఆ డబ్బా మీదికే పోతుంది. గుప్పెడు నూగు గాటులో కూరి, రెండు చేతులా బలంకొద్దీ అదిమింది. మోచేతుల దాకా నెత్తురు. అన్న పళ్లు బిగబట్టి, "మెల్లగనే, నేనేమన్న రొట్టెపిండినా" అన్నాడు. ప్రాణం మీదికి వచ్చినా మాటకు మాత్రం తక్కువ లేదు. పెద్దబాపు వంగి, చాలాసేపు చూసి, "పట్టింది" అన్నాడు. వదిన చెయ్యి తీసింది. ఒక్క చుక్క రాలేదు. అప్పుడే వచ్చిన అవ్వ, అంటే మా అమ్మ, నిలబడ్డచోటే ఎల్లమ్మకు దండం పెట్టుకుంది.

మంచం మీద వేసి ఇంటికి మోసుకొస్తుంటే పట్నం పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ మా పక్క నుంచే పోయింది. రోజుకు ఆ ఒక్కటే బస్సు. దాన్ని ఆపాలని మాలో ఎవరికీ తోచలేదు. నెత్తురు కట్టిన మనిషికి పట్నం దేనికి?

ఇంటికి వచ్చిన కాసేపటికి అన్న ఎడమ భుజం గుంజుతోందన్నాడు. దెబ్బ తగిలింది పక్కటెముకలకు, నొప్పేమో భుజానికి. పడ్డప్పుడు నరం పట్టి ఉంటుందని అవ్వ ఆముదం వేడి చేసి భుజానికి రాసింది. బలానికని పెద్దబాపు కల్లు తాగించాడు. తాగింది తాగినట్టు కక్కేశాడు. నీళ్లు ఇచ్చిన కొద్దీ దాహమన్నాడు. పెదవులు పాలిపోయాయి. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా, చెమటతో జిగటగా తగిలింది. చూడవచ్చిన ప్రతివాళ్లూ ముందు దుప్పటి ఎత్తి తొడనే చూశారు. అది పొడిగా ఉంది. "నెత్తురు లేదు గద, బెదిరిండంతే" అని ధైర్యం చెప్పి పోయారు. మధ్యాహ్నం దాటేదాకా ఇంటిల్లిపాదీ ఆ తొడకే కాపలా కాశాం. మనిషి ముఖం చూసింది వదిన ఒక్కతే.

"గీ మనిషి రంగు గిది కాదు. నాకు తెల్వదా? దవాఖానకు పోదాం పా" అంది నాతో.

బండిలో గడ్డి పరిచి తీసుకుపోయాం. దారిలో అన్న నా చెయ్యి పట్టుకుని, "నెత్తురు కట్టింది గద తమ్మీ. మరి గిట్లెందుకైతుంది?" అని అడిగాడు. ఎదురుగా కూర్చున్న పెద్దబాపు తల దించుకున్నాడు.

దవాఖాన డాక్టరు పట్నం నుంచి వచ్చిన ముస్లిం పెద్దమనిషి. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడటం వచ్చేది కాదు. మా మాటలు విని ఉర్దూలో బదులిస్తే, నేను మావాళ్లకు తెలుగులో చెప్పాలి. ఆయన ముందుగా తొడ చూసి, ఇది ఎవరు కట్టారో గానీ చక్కగా కట్టారన్నాడు. ఆ మాట చెప్పగానే వదిన ముఖం విచ్చుకుంది. అది గుర్తొస్తే నాకు ఈ రోజుకీ అన్నం సహించదు. తర్వాత ఆయన పొట్ట మీద చెయ్యి వేశాడు. పొట్ట ఉబ్బి, చెక్కలా బిగుసుకుని ఉంది. "ఎడమ భుజం నొప్పి అంటున్నాడా?" అని అడిగాడు. మేమింకా భుజం ఊసే ఎత్తలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం పగిలింది. తొడ నెత్తురు ఎప్పుడో ఆగింది. లోపలి నెత్తురు మాత్రం పొద్దున్నుంచీ పొట్టలోకి కారుతూనే ఉంది. భుజం నొప్పి కూడా దానివల్లే.

"లోపలి నెత్తురు ఆపే మందు లేదా సాబ్?" అన్నాను.

ఉందట. ఆ ముక్క చెప్పకుండా ఉన్నా బాగుండేది. యుద్ధంలో గాయపడ్డ సిపాయిల కోసం దూరదేశాల డాక్టర్లు కొత్త రకం పొడులు తయారు చేస్తున్నారట. పొట్ట కోసి, కారే చోట చల్లితే నెత్తురు గడ్డ కడుతుందట. ఆ పొడిని లోపలే వదిలి కుట్లు వేసేయవచ్చునట. పని అయ్యాక అదే ఒంట్లో కరిగిపోతుందట. తాను పత్రికలో చదవడమే గానీ కంటితో చూడలేదన్నాడు. పట్నం పెద్ద దవాఖానకైనా వచ్చిందో లేదో తెలియదట. ఇక్కడ పొట్ట కోసే ఏర్పాటు లేదు, ఎక్కించడానికి నెత్తురూ లేదు.

"పొద్దున బస్సుకే తీస్కపోతే బతుకుతుండెనా సాబ్?" అని అడిగాను. ఇప్పుడు పట్నానికి బండి కట్టినా దారిలోనే పోతాడని మాత్రం ఆయన అన్నాడు.

వదినకు చెప్పక తప్పలేదు. నేను చెప్పినదాంట్లో ఆమెకు వినబడింది పొడి అన్న మాట ఒక్కటే. కొంగులోంచి డబ్బా తీసి డాక్టరు ముందు పెట్టింది.

"మాది గూడ పొడే గద సాబ్. గిందాక మీరే మంచిగ కట్టిన్రన్నరు. కడుపు కోసి గిది పెట్టున్రి. నేనే అదిమి పట్టుకుంట."

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. డబ్బా మూత తీసి, చిటికెడు నూగు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇది పైగాయానికి పనికొస్తుంది, లోపల పెడితే కరగదు, అక్కడే ఉండి చీము పడుతుంది అన్నాడు. పెట్టాలన్నా ముందు పొట్ట కోయాలి కదా అన్నాడు. ఈ మాటలు వదినకు తెలుగులో చెప్పింది నా నోరే. కచేరీ కుర్సీ కోసం అన్న చెప్పించిన చదువు ఆ పూట అందుకు ఉపయోగపడింది.

చాలా ఏళ్ల తర్వాత, మా దగ్గరి బంధువు ఒకరికి ఆపరేషన్ చేసిన డాక్టరు, లోపల నెత్తురు కారుతుంటే ఒక పొడి చల్లి ఆపామని, అది కొన్నాళ్లకు దానంతట అదే కరిగిపోతుందని మామూలుగా చెప్పాడు. అందరూ సంతోషించారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం రాలేదు. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అన్న పడ్డ ఆ రోజు సాయంత్రం చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. డాక్టరు నొప్పికి సూది వేసి, మంచం పక్కనే కుర్చీ వేసుకుని అన్న నాడి పట్టుకున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. వదిన అన్న పొట్ట మీద, ఎడమవైపు, అరచెయ్యి ఆనించి కూర్చుంది. గట్టిగా అదమొద్దని డాక్టరు సైగ చేశాడు. ఆమె బరువు వేయలేదు, అలాగని చెయ్యీ తీయలేదు. పొద్దు గూకుతుండగా అన్న నీళ్లు అడగడం మానేశాడు. తర్వాత నా చేతిలోని అతని వేళ్లు వదులయ్యాయి. డాక్టరు నాడి వదిలి, నావైపు చూసి, మెల్లగా ఉర్దూలో రెండు మాటలు అన్నాడు.

అవ్వ నా నోటివైపు చూసింది. నేను చెప్పనక్కర లేకపోయింది. కొడుకు కాళ్ల మీద పడింది. వదిన మాత్రం కదల్లేదు. చెయ్యి అక్కడే ఉంచి, తల ఎత్తి పెద్దబాపువైపు చూసింది. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు ఊగుతున్నాయి. అప్పుడు నావైపు చూసింది.

"పట్టిందా, తమ్మీ?"

నేను వంగి చూశాను.

"పట్టింది, వదినా" అన్నాను. వదిన చెయ్యి తీసింది.