డోర్కస్ పెద్దమ్మ కన్నెదండ

మా ఆష్‌కోమ్ చర్చి దూలాలకు కన్నెదండలు వేలాడుతుంటాయి. పెళ్ళి కాకుండా, మచ్చ పడకుండా కన్నుమూసిన ఊరి ఆడవాళ్ళ కోసం కట్టినవి. హేజెల్ కొమ్మల్ని కిరీటంలా వంచి, తెల్లకాగితపు పూలు కుట్టి, చుట్టూ కాగితపు చేతితొడుగులు వేలాడదీస్తారు. ఒకసారి పైకెక్కిన దండను ఎవరూ దించరు. చివికి, దానంతటదే రాలాలి.

మా అమ్మకు పెదనాన్న కూతురు డోర్కస్ పెద్దమ్మ. ఆ చర్చిని ఊడ్చేది ఆవిడే. ఎంత పనిలో ఉన్నా ఒక దండ కిందికి వచ్చేసరికి చీపురు నెమ్మదించేది. అది ఆవిడ చెల్లెలు ఫీబీది. చిన్నతనంలోనే గొంతు జబ్బుతో పోయింది. కాగితం టీ రంగుకు తిరిగింది.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు జెత్రో నోయ్స్ అడిగాడట. పందుల్ని పెంచేవాడు. ఎందుకు కాదన్నావని బావి దగ్గర ఆడవాళ్ళు అడిగితే, "ఆయన్నీ చూశాను, ఆయన పందుల్నీ చూశాను. పందులే నయం" అందట. ఆ మాట సాయంత్రానికి అతని చెవిన పడింది. జన్మలో మళ్ళీ ఆవిడతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక చలికాలం ఆవిడ సాల్స్‌బరీలో మేనత్త ఇంటికి వెళ్ళి, వసంతంలో చిక్కి శల్యమై వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బన్నారు ఇంట్లోవాళ్ళు. ఊరు ఎదుట తల ఊపి, చాటున నెలలు లెక్కపెట్టింది.

పందొమ్మిది వందల ముప్పై ఆరు ఫిబ్రవరిలో ఆవిడ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం అమ్మ చెయ్యి పట్టుకుని, "ఫీబీ దండ పక్కన కొక్కెం ఖాళీగానే ఉంది హిల్డా. అడగడానికే నోరు రావట్లేదు" అంది.

"అడిగావుగా. ఇక పడుకో" అంది అమ్మ.

ఆవిణ్ణి సమాధి చేసి వచ్చాక వంటగది బల్ల మీద కాగితం కత్తిరించాం. నా చెయ్యి కొలతగా పెట్టుకుని తొడుగులు గీస్తుంటే, ఇంకా పెద్దవి కావాలి, అవి పనిచేసిన చేతులు అంది అమ్మ.

కొత్త దండ మూడు ఆదివారాలు తలుపు దగ్గర వేలాడాలి. పాస్టరుగారు అడిగినప్పుడు, ఇది తగదన్నవాళ్ళు లేచి చెప్పాలి. ఒక్కరు చెప్పినా దండను కాల్చేస్తారు. అమ్మ చిన్నప్పుడు ఒకటి అలాగే బూడిదైంది. కట్టిన తల్లి మళ్ళీ చర్చి గడప తొక్కలేదు.

మొదటి ఆదివారం ఎవరూ కదల్లేదు. రెండో ఆదివారం ఎవరో దగ్గితే అందరి తలలూ తిరిగాయి. ఉత్త దగ్గే. మూడో ఆదివారం, క్రిస్మస్‌కు తప్ప చర్చికి రాని జెత్రో ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

పాస్టరుగారు అడిగారు. జెత్రో కర్ర ఊతంగా లేచాడు.

"డోర్కస్ పెన్‌ఫోల్డ్‌ని చిన్నప్పట్నించీ ఎరుగుదును. అబద్ధమాడే మనిషి కాదు. నా పందుల విషయంలో కూడా నిజమే చెప్పింది." ఎవరూ నవ్వలేదు. అతను వెనక్కి తిరిగి బల్లలన్నీ ఒకసారి చూశాడు. "ఇక్కడ ఎవరికీ చెప్పేదేం లేదు. నిచ్చెన తెండి."

నిచ్చెన వచ్చింది. జెత్రో దాని కాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. టీ రంగు దండ పక్కన తెల్లది ఎక్కింది.

బయట గేటు దగ్గర అమ్మ అతన్ని ఆపి, నీ మేలు మరిచిపోనంది. అతను సమాధుల వైపు తిరిగాడు.

"ఆ చలికాలం డోర్కస్‌ని స్టేషన్‌కి బండిలో దింపింది నేనే హిల్డా. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది."

"అయితే నీకు తెలుసన్నమాట."

"నేను గుర్రం వైపే చూశాను" అన్నాడతను టోపీ పెట్టుకుంటూ.