పళ్లెం చప్పుడు

విజయనగరంలో నా చెవుల బాధ తగ్గించిన కౌన్సిలింగ్ అమ్మ పోయిన వారం కన్నుమూశారు. కబురు మా ఆవిడ గట్టిగానే చెప్పింది. రెండేళ్ల కిందటైతే నా దగ్గర గట్టిగా మాట్లాడేది కాదు.

నేను జూట్ మిల్లులో మగ్గం నడిపాను. ఆ మోతలో మాట వినపడదు, అన్నీ చేతి సైగలే. రిటైరయ్యాక చిన్న చప్పుళ్లకు తట్టుకోలేకపోయాను. స్టీలు పళ్లెం కింద పెడితే చాలు, గుండె దడ, ఆ వెంటనే కోపం. చెవుల్లో దూది పెట్టుకుని పెరట్లో ఒక్కణ్నే తినేవాణ్ని. ఏడాది అలాగే గడిచింది.

"సప్పుడవుతందని నా గాజులు కూడా తీసీమంతావేటి?" అని మా ఆవిడ ఏడ్చిన రోజు ఆ అమ్మ దగ్గరికి వెళ్లాను.

మందు రాయలేదు. వారానికోసారి, నాలుగు వారాలే అన్నారు.

"ముప్పయ్యేళ్లు మగ్గాల మోత భరించారు. పళ్లెం ఏం చేసింది మావయ్యగారూ?"

ఎగతాళి కాదు, తెలుసుకోవాలనే అడిగారు. నాకూ అప్పటిదాకా తోచని ప్రశ్న.

"మగ్గం నా సేతిలో ఉండీదమ్మా. పళ్లెం ఎప్పుడు పడతాదో తెల్దు కదా."

"ఆగండి, ఇది రాసుకోవాలి" అన్నారు.

దూది పెట్టేకొద్దీ చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవి ఇంకా కాపలా కాస్తుందన్నారు. మొదటి వారం చెంచాతో పళ్లెం మీద నేనే కొట్టాలి, దడ తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. రెండో వారం నేను మిల్లు సైగ చేశాక మా ఆవిడ పళ్లెం పెట్టాలి. మూడో వారం సైగ లేదు. ఒకసారి విసిగి లేచిపోయాను. "లేసిపోతే మళ్లీ మొదలెడతాను, సూడు" అంది మా ఆవిడ. కూర్చున్నాను. నాలుగో వారం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

ఆ అమ్మ నా దగ్గర సైగలు నేర్చుకున్నారు. చివరి రోజు గుమ్మంలో నిలబడి, షిఫ్టు అయిపోయింది, ఇంటికెళ్లండి అని సైగతో చెప్పబోయి, మణికట్లు అడ్డంగా పెట్టి అక్కడితో ఆగిపోయారు.

"అది మగ్గం ఆపమని అమ్మా. షిఫ్టు అయిపోయిందంటే ఆ మీదట సేతులు ఇప్పాలి" అన్నాను. పగలబడి నవ్వారు.

మొన్న ఆ అమ్మ అంత్యక్రియలకు వెళ్లాను. చర్చిలో పాటలు, తాళాలు, డోలు. నా చెవుల్లో దూది లేదు. పెట్టె లేపుతుంటే మణికట్లు అడ్డంగా పెట్టాను. విప్పడానికి కొంచెం సేపు పట్టింది.