నాలుగో నంబరు వెనిలా తీగ

లాలాగూడలో మా చర్చి వెనక స్థలం సరిగ్గా ఆరు వందల గజాలు. టేపు పట్టి కొలిచింది నేనే. కార్ల పార్కింగు కోసం అక్కడ సిమెంటు దిమ్మెలు పరిస్తే ఎన్ని కావాలో చెప్పమని సంఘ కమిటీ అడిగింది. తరుగుకు వందకు మూడు కలిపి, ఇరవై ఐదు వేల ఎనిమిది వందల ముప్ఫై ఏడు అని రాసిచ్చాను. ఇంటికి నడుస్తున్నంతసేపూ నా మీద నాకే కోపంగా ఉంది. ఆ స్థలంలో తొంభై నాలుగు చెట్లున్నాయి. వాటిని నాటిన ఇద్దరిలో నేనొకదాన్ని.

లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు. పదో తరగతి తప్పిందే లెక్కల్లో. తర్వాత సికింద్రాబాద్‌లో ఒక టైల్స్ దుకాణంలో చేరాను. గది కొలతలు చెబితే ఎన్ని పలకలు పడతాయో, ఎన్ని విరుగుతాయో చెప్పడం ఇరవై ఆరేళ్లుగా నా పని. కాగితం లేకుండానే చెబుతాను, కానీ కాగితం మీద రాసుకోనిదే నిద్ర పట్టదు.

రెండో మనిషి కాకా. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. నాకు చుట్టం కాదు, చర్చిలో ముందు బెంచీ మనిషి. ఎనిమిదేళ్ల కిందట ఆ స్థలం నిండా సర్కారు తుమ్మ ఉండేది. దాన్ని వేళ్లతో సహా తవ్వించి, ఈ నేలలో మొదట్నుంచీ ఉన్న చెట్లే పెట్టాలని పట్టుబట్టింది కాకాయే. రైలు పట్టాల పక్కన, మిలిటరీ గోడల వెంట తిరిగి విత్తనాలు ఏరుకొచ్చేవాడు. కానుగ, రేల, నల్లమద్ది, నేరేడు, మోదుగ, ఉసిరి. నూట అరవై నాటితే తొంభై నాలుగు బతికాయి. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద నా థర్మామీటరు నలభై రెండు చూపిస్తే, ఆ నీడలో ముప్ఫై ఐదు చూపించేది. పదిహేడు రకాల పిట్టలు వచ్చేవి. పద్దెనిమిదోది ఒకటి వచ్చింది కానీ, రెండోసారి కనబడలేదు కాబట్టి రాసుకోలేదు.

ఆ నీడను చూసే కాకా కేరళలో తోడల్లుడి ఇంటి నుంచి ఆరు వెనిలా ముక్కలు తడి గోనెలో చుట్టుకుని తెచ్చాడు. అక్కడ అడవి చెట్లకే పాకిస్తారట. "చెట్లుంటె తీగ బతుకుతది. తీగ కాస్తె ఈ చెట్ల మీద ఎవడూ గొడ్డలి ఎయ్యడు బిడ్డా" అన్నాడు. ఆరు కానుగలకు ఆరు తీగలు కట్టి నంబర్లు వేశాను. నాలుగేళ్లు ఆకులు వచ్చాయి, అంతే.

ఆ ఏడాది కోత పండుగ భోజనాల తర్వాత కమిటీ కూర్చుంది. మా సెక్రటరీ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి.

"అడవి అడవిలో ఉండాలమ్మా" అన్నారు నాతో. "మనవాళ్లు బండ్లు రోడ్డు మీద పెట్టి చలానాలు కడుతున్నారు. ఇన్నేళ్లలో మీ అడవి ఏం చేసింది? నేరేడు పళ్లు రాలి నా తెల్ల చొక్కా పాడైంది, అంతేగా?"

"వెనిలా కాస్తది సార్" అన్నాడు కాకా.

"నాలుగేళ్లుగా అదే మాట. గడ్డకట్టడానికి ఐస్‌క్రీముకైనా ఇంతసేపు పట్టదు."

అందరూ నవ్వారు. కాకా నవ్వలేదు. "ఒక్క సాలు ఆగుండ్రి. జెర ఓపిక పట్టుండ్రి."

"సరే. వచ్చే కోత పండుగకి ప్రథమ ఫలాల బల్ల మీద ఒక్క కాయ పెట్టండి. దిమ్మెల మాట నేనెత్తను. పెట్టలేకపోతే చెట్ల మాట మీరెత్తకూడదు."

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాశారు. దిమ్మెల లెక్క నన్ను అడిగింది కూడా ఆ రోజే.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. నాలుగేళ్లు ఏ తీగకు ఏ రోజు ఎన్ని నీళ్లు పోశానో అందులో ఉంది. తీగకు రెండున్నర లీటర్లు, ఏడాది పొడుగునా, ఆదివారం కూడా మానలేదు. పూత రాకపోతే ఇంకా జాగ్రత్తగా కొలిచేదాన్ని. ఆ కోత పండుగకు నెల ముందే, అక్టోబరు గాలివానకు నాలుగో నంబరు తీగ ఆధారం తప్పి కింది కొమ్మ మీదుగా తలకిందులుగా వేలాడింది. ఆకులు పసుపెక్కాయి. చచ్చిందనుకుని పుస్తకంలో ఎర్ర గీత కొట్టేశాను.

డిసెంబరు మొదటి వారంలో దుకాణంలో పలకల పెట్టె నా పాదం మీద పడింది. ఆరు వారాలు కట్టు. పని కాకాకు అప్పగిస్తూ ఒక కాగితం రాసిచ్చాను. రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని. "పోసిన బిడ్డా, నీ లెక్క ప్రకారమే పోసిన" అనేవాడు.

జనవరి మధ్యలో కర్ర పట్టుకుని వెళ్లాను. ఐదు తీగలు పచ్చగా, మందంగా, ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగో నంబరు మాత్రం ఎండి సన్నబడి ఉంది. ఆకుల సందుల్లో లేతగా దువ్వెన పళ్లలాంటివి పొడుచుకొచ్చాయి. వంగి చూశాను. మొగ్గల గుత్తులు.

"కాకా, దీనికి నీళ్లు పోసినవా?"

"ఏడ పోస్త? నీ కాయితంల నాలుగు ఏడుంది? ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు. నేను ఫిట్టర్ని బిడ్డా. డ్రాయింగ్‌ల లేని బోల్టు బిగియ్య."

అక్కడే బండ మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆరు తీగలకూ మట్టి ఒకటే, నీడ ఒకటే. తేడాలు రెండే. నాలుగో నంబరుకు మూడు నెలలుగా నీళ్లు లేవు, తల కిందికి ఉంది. నాలుగేళ్లు నేను కొలిచి పోసిన నీళ్లే దాన్ని పూయనివ్వలేదు. కొంత ఎండితేనే, పైకి పాకడం ఆగితేనే అది పూస్తుంది. ఐదింటినీ ఆ రోజే కిందికి వంచి కట్టాను. కానీ వాటి ఎండు నెలలు దాటిపోయాయి. ఆ ఏటికి మిగిలింది నేను కొట్టేసిన తీగ ఒక్కటే.

ఫిబ్రవరిలో పూత విచ్చింది. పద్నాలుగు మొగ్గలు. ఒక్కో పువ్వు ఒక్క పొద్దే ఉంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. మగ భాగానికీ ఆడ భాగానికీ మధ్య సన్నని పొర అడ్డం ఉంటుంది. దాన్ని ఎత్తి రెండింటినీ కలిపే పురుగు మన దగ్గర లేదు, ఆ పని మనిషే చేయాలి. చీపురుపుల్లను టైలు మీద అరగదీసి మొన చేశాను. మొదటి పువ్వు దగ్గరికి పదకొండు దాటాక వెళ్లాను, అప్పటికే మెత్తబడింది. రెండోదాన్ని గట్టిగా నొక్కాను, మర్నాడు రాలింది.

"బలం పెట్టకు. లోపల గుచ్చేది లేదు, పొర ఎత్తి మెల్లగ ఆనియ్యాలె" అన్నాడు కాకా వెనక నిలబడి. ఆయన చేతులు వణుకుతాయి, అందుకే నా చేతులకు చెప్పాడు.

మూడోది నిలిచింది. పద్నాలుగింటిలో తొమ్మిది నిలిచాయి. దుకాణానికి రోజూ ఆలస్యమయ్యాను. ఎండాకాలంలో కాకా ఆ కానుగ చుట్టూ తడి గోనెలు వేలాడదీశాడు. అయినా మే నెలలో రెండు రాలాయి. మిగిలిన ఏడింటినీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కపెట్టేదాన్ని. నవంబరులో కొసలు పసుపు తిరిగాయి.

కోత పండుగ నాడు గుమ్మడికాయల మధ్య, బియ్యం సంచుల పక్కన, స్టీలు పళ్లెంలో ఏడు కాయలు పెట్టాం. సెక్రటరీ గారు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చిక్కుడుకాయల్లా ఉన్నాయే. వాసన ఏదీ?"

"పచ్చికాయకు వాసన రాదు సార్. మాగబెట్టాలి. నాలుగు నెలలు పడుతుంది" అన్నాను.

"ఇంకో నాలుగు నెలలా!"

మళ్లీ నవ్వులు. కాకా ముఖం ఎర్రబడింది. "గిదేంది సార్, కాయ అడిగిండ్రు, కాయ తెచ్చినం."

నేను అయ్యగారిని మినిట్స్ చదవమన్నాను. ఆయన నిదానంగా చదివారు. ఒక్క కాయ అనే ఉంది. వాసన సంగతి ఎక్కడా లేదు. సెక్రటరీ గారు కాయను తిరిగి పళ్లెంలో పెట్టారు.

"చాలా ఏళ్లు పేపర్లు దిద్దాను" అన్నారు. "ప్రశ్నలో అడగనిదానికి మార్కులు కోయకూడదు. అడిగింది ఒకటి, తెచ్చింది ఏడు. దిమ్మెలు రద్దు."

చప్పట్లు అంత గట్టిగా మా చర్చిలో నేనెప్పుడూ వినలేదు. కాకా కండువాతో ముఖం తుడుచుకుని, "చెమట" అన్నాడు. నవంబరులో చెమట. కార్లను ఆదివారం పూట పక్క బడి మైదానంలో పెట్టుకోవడానికి సెక్రటరీ గారే మాట్లాడి ఒప్పించారు.

ఇంట్లో కాయల్ని అరవై మూడు డిగ్రీల నీళ్లలో మూడు నిమిషాలు ముంచాను. ఉన్ని రగ్గులో చుట్టాను. రోజూ గంట ఎండ, తర్వాత నీడ, తర్వాత చెక్కపెట్టె. మార్చికల్లా అవి నల్లగా ముడతలు పడ్డాయి, ఆ పెట్టె దాచిన బీరువాలో చీరలన్నీ వాసన పట్టాయి. పండుగ కేకుకు పిండి ఇంట్లో కలిపి బేకరీ పొయ్యికి పంపడం మాకు అలవాటు. ఈస్టరు ముందురోజు రెండు కాయల గింజలు పిండిలో గీరి తీసుకెళ్లాను.

"ఏం ఎసెన్స్ ఏసినవ్ ఆంటీ? గల్లీ అంత వాసనొస్తుంది!" అన్నాడు బేకరీ అతను.

"ఎసెన్స్ కాదు, మా కానుగ చెట్టు" అన్నాను. అతనికి అర్థం కాలేదు.

ఈస్టరు ఆరాధన అయ్యాక సెక్రటరీ గారు మూడో ముక్క తింటూ నా దగ్గరికి వచ్చారు. అప్పటికే మిగతా ఐదు తీగలూ పూసి, అరవై రెండు కాయలు నిలిచి ఉన్నాయి.

"ఆ పడమటి గోడ పక్కన ఖాళీగా ఉంది కదమ్మా. ఎన్ని చెట్లు పడతాయి?"

"ఇరవై ఆరు సార్."

"మళ్లీ కొలవండి. ముప్ఫై పట్టాలి."

కాకా టేపు రెండో కొస పట్టుకున్నాడు. మళ్లీ కొలిచాను. ఎంత దగ్గరగా వేసినా ఇరవై ఎనిమిదే వచ్చాయి. ముప్ఫై అని రాశాను.