మెట్లు మూయని దాత

ఖానాపూర్ దగ్గరి మా ఊళ్లో ఎండలు ముదిరితే చాలు, ఇంటికొకరు నారికురుపుతో మంచం పట్టేవారు. కాలిమీద పొక్కు లేచి, పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. ఆ ఏడు మా బాపుకు మడమ దగ్గర లేచింది. ధర్మదవాఖాన నర్సమ్మ రోజూ వచ్చి, పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా కొద్దికొద్దిగా లాగేది. బాపు పళ్లు బిగబట్టి ఏడ్చేవాడు. మగమనిషి అలా ఏడవడం నేనంతకుముందు చూడలేదు.

ఆ దవాఖానకు మందులూ కట్టుగుడ్డలూ ఇప్పించే దాతల్లో పెద్దవాడు మా ఊరి దొర. ఉగాదినాడు దాతలకు కృతజ్ఞతలు చెప్పే సభ పెట్టారు. నడవలేని రోగులను బండ్లలో తెచ్చి కూచోబెట్టారు. దొర వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. కట్లమీద ఈగలు ముసురుతున్నాయి. పచ్చడి ముందు దొరకు, తర్వాత ఆయన చుట్టాలకు పోశారు. మాదాకా రానేలేదు. నాకు ఒళ్లు మండింది.

నర్సమ్మ లేచి, ఇది శాపం కాదనీ నీళ్లలోంచి వచ్చే రోగమనీ చెప్పింది. కురుపున్న కాలు బావిలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలో కలుస్తాయట. ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ అదే రోగమట.

"నీళ్లు గుడ్డతో వడగట్టుకోండి. బావిలోకి దిగకండి," అంది.

ఊరంతటికీ ఉన్నది ఒక్క దిగుడుబావి. అది దొరది. దిగకుండా నీళ్లెట్లా వస్తాయి?

దొరకు దండ వేయమని బాపును లేపారు. లేవలేకపోయాడు. బాపు బదులు అవ్వ, అంటే మా అమ్మ, దండ అందుకుని ముందుకు నడిచింది.

"మందులిచ్చినవు దొరా, నీ కడుపు సల్లగుండ. గా బాయి మెట్లు మూపిచ్చి గిరక పెట్టియ్యరాదు?"

దొర నవ్వాడు. "మా తాత కట్టిచ్చిన బాయి. మెట్లు మూస్తె మా ఇంటి పరువేంగావాలె? పండుగపూట గీ లొల్లేంది?"

అవ్వ దండను బల్లమీద పడేసి వచ్చేసింది. ఆ సాయంత్రం పెరట్లోని ఆనిగపుకాయ కోసుకుని నర్సమ్మ ఇంటికి పోయి, ఆమె చేతులు కళ్లకద్దుకుంది.

మరుసటేడు నాకూ కురుపు లేచింది. అవ్వ ఇక ఆగలేదు. పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని, తుమ్మకంప తెచ్చి మెట్లనిండా కుక్కింది. ఒడ్డున మొద్దులు పాతించి గిరక కట్టించింది. దొర మనిషి కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు.

"కంప తియ్యుండ్రి!"

"నువ్వే తియ్యి. తీసి, గా నీళ్లు నువ్వే తాగు," అంది అవ్వ.

ఆడవాళ్లెవరూ జరగలేదు. అతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కొన్ని ఎండాకాలాలు గడిచాక ఊళ్లో కొత్తగా కురుపు లేచినవాళ్లే లేరు. అప్పుడు దొర మెట్లకు అడ్డంగా గోడ కట్టించి, ప్రజల ఆరోగ్యం కోసం తానే మూయించినట్టు రాయిమీద చెక్కించుకున్నాడు. దానికీ ఒక సభ, దండలు, చప్పట్లు. అవ్వ పోలేదు. నేను పోయి, ఏడుపుమొహంతో తిరిగొచ్చి, రాయిమీద ఏం చెక్కారో చెప్పాను.

అవ్వ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది.

"దానిమీద ఉమ్మిరాకపోయినవా?" అంది.