బొంత తడిసిన మధ్యాహ్నం

సహోదరులారా, సహోదరీలారా, నేను చెప్పబోయే ముచ్చటల సగం నాకు యాదికున్నది, సగం మా అమ్మ చెప్పంగ ఇన్నది, రెండూ కలిసిపోయి ఇప్పుడు నా మతిల ఒక కలలెక్కనే ఉన్నది.

మాది కోస్గి దిక్కు చిన్న ఊరు. నాకు ఆరేడేండ్లప్పుడు జలుబు చేసి, జరమొచ్చి తగ్గింది, తగ్గినంక పొద్దుగాల లేస్తే కండ్ల కింద ఉబ్బు, తర్వాత బుగ్గలు నిండుకొచ్చినయి. బక్కపిల్ల గిట్ల నున్నగయ్యిందని మా అవ్వ మురిసిపోయి, దిష్టి తీసి, ఇంకో ముద్ద పెట్టేది! కానీ కాళ్లు వాచినయి, పొట్ట ఉబ్బింది, ఒంటికి పోవుడు దాదాపు బందయ్యింది. మూసుకపోయిన కండ్ల సందుకెళ్లి చూస్తే ఇంటికప్పు, అమ్మ మొఖం, వాకిట్ల మేకలు అన్నీ నీళ్లల్ల తేలినట్టు కనబడేటియి, నేనూ వాటితోనే తేలుతున్నట్టుండేది. నాకు భయం లేదు, భయమంతా మా అమ్మదే.

నాయిన బండి కిరాయికి మాట్లాడి మిషన్ దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరమ్మ నా కాలు వేలుతో నొక్కితే గుంత పడి అట్లనే ఉండిపోయింది, అది చూసి నాకు నవ్వొచ్చింది. మూత్రపిండాలు చెడినయి, ఉప్పు పెట్టకుండ్రి, దీనికి మా దగ్గర గట్టి మందు లేదు, ఇంకో జబ్బు అంటుకుంటే పిల్ల దక్కుడు కష్టమని చెప్పింది.

ఆ ఎండాకాలమే ఊర్ల తట్టు లేచింది, పిల్లలకు ఒళ్లంత ఎర్రగ పొక్కి జరం కాల్చేస్తున్నది. మా అమ్మ తలుపు మూసి, ఏ పిల్లనూ రానియ్యక, పొద్దూ మాపూ మోకాళ్ల మీదనే ఉండేది.

"ప్రభువా, నీ కాళ్లు మొక్కుత, గా తట్టును మా గడప తొక్కనియ్యకు. నాకున్నది గీ ఒక్క పిల్లనే."

అయినా తొక్కింది. నా ఒళ్లు ఎర్రబారిన నాడు అవ్వ వేపమండలు పట్టుకొచ్చి అమ్మవారికి మొక్కుదామని ఏడ్చింది, అమ్మ ఒప్పుకోలేదు, కానీ ప్రార్థన చెయ్యడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

"ప్రభువా, నేనేమడిగిన, నువ్వేం చేసినవ్?" అని ఒక్క మాటే అని నా పక్కన కూలబడ్డది.

జరంల మునిగి ఒక మధ్యాహ్నం కలగన్న. ఏడాది పొడుగునా ఇసుకే ఉండే మా ఊరి వాగు నిండుగ పారుతున్నది, గోరువెచ్చటి నీళ్లు, నేను మోకాళ్ల లోతుల నడుచుకుంట పోతున్న, ఎండ మెత్తగ ఉన్నది, ఎవరో నా చెయ్యి పట్టుకున్నరు. మేలుకొని చూస్తే బొంతంత తడిసి ముద్దయ్యింది. కొడతదేమోనని బిగుసుకున్న. అమ్మ చెయ్యి పెట్టి చూసి, వాసన చూసి, నవ్విందో ఏడ్చిందో తెల్వదు, ఆ బొంతనే పట్టుకొని వాడకట్టంత తిరిగింది. బిడ్డ పక్క తడిపిందని చాటుకున్న తల్లిని నేను ఇంకెక్కడా చూడలే.

ఆనాటి నుంచి వాపు దిగుకుంట పోయింది, నా అసలు మొఖం నాకొచ్చింది. తట్టు వచ్చిపోయినంక అరుదుగ ఈ మూత్రపిండాల జబ్బు తగ్గుతదని చదివిన గని ఎందుకో ఎవరికీ ఎరుక లేదని డాక్టరమ్మ చెప్పింది. సహోదరులారా, తట్టు మందు కాదు, ఆ ఎండాకాలమే మా వాడల పిల్లలను మట్టిల పెట్టినం, వాళ్ల తల్లులూ ప్రార్థించినోళ్లే. నన్నే ఎందుకు ఉంచిండో నేను చెప్పలేను, అడిగినప్పుడల్లా కండ్లనీళ్లే వస్తయి.

అందుకే జబ్బయితే దవాఖానకు పోండ్రి, ప్రార్థన ఇడువకుండ్రి, జవాబు రాలేదని ఆయన మీద కోపమొచ్చినా ఆయన దగ్గరనే కూసోండ్రి, మా అమ్మ కూసున్నట్టు. ఆమె అడిగింది ఆయన ఇయ్యలే. ఇయ్యలేదు గనుకనే నేను మీ ముందల నిలబడ్డ. దేవునికే మహిమ.