మిషను వచ్చాక మా పిన్నిగారు

రాజోలులో నాకో చిన్న టైలరింగు షాపు ఉంది. పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్కుకు మాకు కాస్త పేరుంది. అది నా గొప్ప కాదు. ఫ్రేముకు బట్ట బిగించి, సూదితో పువ్వులూ లతలూ కుట్టేది మా పిన్నిగారు. చుట్టరికమేమీ లేదు, వయసులో పెద్దావిడని అలా పిలుస్తాను. ఆవిడకు సాయంగా ఓ అమ్మాయి ఉండేది.

ఓ ఏడాది ధైర్యం చేసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొన్నాను. డిజైను ఎక్కించి మీట నొక్కితే, పిన్నిగారు రెండు రోజులు కుట్టే పని మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. పిన్నిగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"బాగానే కుట్టింది. మరి నేనేం చెయ్యాలమ్మా?"

"మీ పని మీకుంటుంది పిన్నిగారూ" అన్నాను.

ఉండలేదు. వచ్చే ఆర్డర్లు మిషనుకే చాలేవి కావు. ఆవిడ కొన్నాళ్లు హుక్కులు కుట్టి, ఆనక రావడం మానేశారు. అల్లవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీలో చేరారని తెలిసినరోజు నాకు అన్నం సయించలేదు. అలాగని మిషను ఆపనూ లేదు.

ఈలోగా అమ్మాయి, మిషను కుడుతున్న వీడియోలు ఫోన్లో పెట్టడం మొదలుపెట్టింది. ఇక చూడండి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు, మస్కట్ నుంచి ఆర్డర్లు! జాకెట్లు గుట్టలు పడ్డాయి.

"ఇంకో మనిషి లేకపోతే మన వల్ల కాదండీ అక్కా" అంది.

బస్సెక్కి పిన్నిగారింటికి వెళ్లాను. ఐసులో నాని ఆవిడ వేళ్లు పాలిపోయి ఉన్నాయి. మళ్లీ రమ్మని అడిగాను.

"ఆయ్, వస్తాను. హుక్కులు కుట్టడానికి మాత్రం రానమ్మా. ఆ మిషను మీద నేనే కూర్చుంటాను."

"అది కంప్యూటరండీ..."

"ఫ్యాక్టరీలో తూకం మిషనూ కంప్యూటరేగా. నేర్చేసుకున్నాను."

మర్నాడే వచ్చేశారు. అమ్మాయి పక్కన కూర్చుని నేర్పింది. కాసేపటికే దారం తెగింది. "మొదటిరోజే అలిగితే ఎలాగే తల్లీ!" అని మిషనును బుజ్జగిస్తూ ఆవిడే మళ్లీ ఎక్కించారు.

ఇప్పుడు కుట్టడానికి మరో ఇద్దరు చేరారు. అటకెక్కిన మగ్గం ఫ్రేము మాత్రం ఎప్పుడోగాని దించడం లేదు. మొన్న ఇంకో మిషను కొందామా అని పిన్నిగారిని అడిగాను.

"కొనండమ్మా. దాని మీద ఎవరు కూర్చుంటారో ముందు చెప్పి, అప్పుడు కొనండి" అన్నారు.